పాప పడుకునే వేళకే మీటింగ్

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చేతుల్లో ఫోన్ల గురించి ఎవరు రాసినా ముందు తల్లిదండ్రులను తిడతారు. ఆ తిట్లలో నా వాటా నాకుంది, కాదనను. కానీ మా ఇంట్లో ఫోన్ పాప చేతికి ఎలా వచ్చిందో చెప్పాలనిపించి రాస్తున్నాను.

మేముండేది మియాపూర్‌లో. భార్యాభర్తలిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే, పాపకి నాలుగేళ్లు. నా టీమ్‌లో సగం మంది న్యూజెర్సీలో ఉంటారు. వాళ్లకి ఉదయం 10:30 అయితే వేసవిలో మనకి రాత్రి 8, పాప అన్నం తినే వేళ. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కదా, ఇక ఆ మర్నాటి నుంచి అదే మీటింగ్ మనకి 9 గంటలకి జరుగుతుంది, అంటే పాప కథ చెప్పించుకుని పడుకునే వేళకి. మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే. మా ఆవిడ కూడా చాలా రోజులు అదే సమయానికి పక్క గదిలో ఇంకో కాల్‌లో ఉంటుంది. పాప ఏడుపు మైకులో వినిపిస్తుందేమోనన్న టెన్షన్‌లో ఒకరోజు ఫోన్‌లో కార్టూన్ పెట్టి చేతికిచ్చాను. ఆ ఒక్కరోజే అనుకున్నాను. ఇప్పుడు ఫోన్ లేకపోతే ముద్ద దిగదు.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకి గంటకి మించి స్క్రీన్ చూడకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ గంట నా ఒక్క మీటింగ్‌కే సరిపోతోంది. పోయిన నెల పాప గది తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, మ్యూట్‌లో ఉన్నావా, మాట్లాడొచ్చా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీటింగ్‌ని న్యూజెర్సీ టైమ్ ప్రకారం ఉదయం 8కి మార్చమని అడిగాను. అలా మారిస్తే చలికాలంలో కూడా మనకి సాయంత్రం 6:30కే మొదలవుతుంది. ఉదయం ఆ వేళకి తమ పిల్లల్ని బడిలో దింపాలి, కుదరదన్నారు అక్కడివాళ్లు. నిజమే, దింపాలి, వాళ్లని తప్పుపట్టను. వాళ్ల క్యాలెండర్‌లో ఆ సమయం ఎవరూ మీటింగ్ పెట్టకుండా ఎప్పుడూ బ్లాక్ చేసే ఉంటుంది. మా వైపు టీమ్‌లో పన్నెండు మందిమి ఉన్నాం, పిల్లలున్న వాళ్లే ఎక్కువ, ఒక్కరం కూడా పిల్లలు అన్నం తినే వేళ అని బ్లాక్ చేయలేదు. అలా చేయొచ్చని కూడా తోచలేదు.

పని గంటలు దాటాక వచ్చే ఫోన్లకి, మెయిళ్లకి జవాబివ్వకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017లో, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి బిల్లే 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. అది ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేది, అలాంటివి చట్టమవడం చాలా అరుదు. అందుకే మన ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి దీని గురించి సభలో మాట్లాడాలని అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ఎన్ని వేల ఇళ్లు ఈ రాత్రి కాల్స్ మీద నడుస్తున్నాయో వాళ్లకి తెలియంది కాదు. ఈ ఉద్యోగమే మా ఇంటి ఈఎంఐ కడుతోంది, అది పోవాలని ఎవరూ కోరుకోరు. చట్టమంటూ ఉంటే అడగడానికి భయపడక్కర్లేదు, అంతే.

ఈ సోమవారం నుంచి రాత్రి 8:30 నుంచి 9:30 దాకా నా క్యాలెండర్‌లో పాప పేరు రాసి పెట్టాను. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. మా పనికి రేటింగులు ఇచ్చేటప్పుడు ఏమంటారో చూడాలి.

- ఒక తండ్రి, మియాపూర్, హైదరాబాద్