పాత థియేటర్లను కూల్చే ముందు ఒక్క షరతు పెట్టండి

సంపాదకులకు,

ఆర్యా,

తెలుగు సినిమాకు సేవ చేసినవారిని ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారంతో గౌరవిస్తూ వచ్చింది. ఆయన కట్టించిన థియేటరును మాత్రం ఇప్పుడు చూద్దామన్నా లేదు. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి ఫొటో స్టూడియో నడుపుకొంటున్న ఆయన, 1910లో అప్పుచేసి మరీ బొమ్మతోపాటు శబ్దాన్నీ వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో బొమ్మలు ఆడించి, బర్మా, సింహళం దాకా తిరిగొచ్చాక మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీని నిర్మించారు. దక్షిణాదిలో భారతీయుడు కట్టిన తొలి శాశ్వత సినిమాహాలుగా దాన్నే చెబుతారు. మూకీల నుంచి కలర్ సినిమాల దాకా అన్నీ చూసిన ఆ హాలు 2005లో మూతపడింది. ఆ స్థలంలో వ్యాపార సముదాయం లేచింది.

మద్రాసు సంగతి మన చేతిలో లేదనుకుందాం. 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతి టాకీస్ పెట్టినప్పటి నుంచి మన ఊళ్లలో వెలసిన హాళ్ల గతి కూడా అదే కదా! హైదరాబాదులో లిబర్టీ, సికింద్రాబాదులో ప్యారడైజ్ ఒకప్పుడు థియేటర్లు, ఇప్పుడు కూడళ్ల పేర్లే. (ప్యారడైజ్ హోటల్లో బిరియాని తినేవారిలో ఎందరికి ఆ పేరిటి థియేటరు గుర్తుందో!)

యజమానులను తప్పుపట్టలేం. సినిమా పంపిణీదారు ఇచ్చే అద్దె మీద నడిచే హాలుకు వారం తిరిగేసరికి జనం పలచబడితే కరెంటు బిల్లుకే చాలదు. మల్టీప్లెక్సులకు మాదిరిగా తమకూ వసూళ్లలో వాటా కావాలని ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవారు) 2025లో పట్టుబట్టింది అందుకే. అంతకు ముందు ఏడాది మే నెలలో తెలంగాణలో చాలా సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు తాళాలు వేసుకున్నాయి. హాలు కింద ఉన్న నేల ధరేమో ఏటికేడు పెరుగుతోంది.

నేను కోరేది హాళ్లను బలవంతంగా నడిపించమని కాదు. పాత థియేటరు కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు పురపాలక సంఘాలు ఒక్క షరతు పెట్టాలి: భవనాన్ని లోపలా బయటా ఫొటోలు, కొలతలతో నమోదు చేయించాలి, కార్బన్ కడ్డీలతో వెలిగిన ప్రొజెక్టరు, నేల, బెంచీ, కుర్చీ తరగతుల టికెట్ పుస్తకాలు, డి.సి.ఆర్. (రోజువారీ వసూళ్ల లెక్కల) రిజిస్టర్లు పాత ఇనుము, చిత్తుకాగితాల కింద పోకుండా రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేర్చాలి. ఏ సినిమా ఎన్నాళ్లు ఆడిందో, ఏ తరగతిలో ఎంత వసూలైందో తెలిపే ఆ రిజిస్టర్లు మరోచోట దొరకవు. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. వారసత్వ కట్టడాల కోసం తెలంగాణ 2017లోనే చట్టం తెచ్చింది. దాని పరిధిలో కోటలు, గుళ్లతోపాటు సినిమాహాళ్లనూ పరిశీలించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని విజయవాడ నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ