సైటు ఎక్కించాక తెల్ల పేజీ ఎందుకొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

సైట్లు కట్టడానికి వాడే రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్ నేర్పే పాఠాలు కావలసినన్ని దొరుకుతున్నాయి. తయారైన ప్రాజెక్టును ఇంటర్నెట్‌లో పెట్టే ఘట్టానికి వచ్చేసరికి మాత్రం చాలా పాఠాలు ‘ఫోల్డర్‌ను అప్‌లోడ్ చేయండి’ అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతాయి. దాంతో సొంత కంప్యూటర్‌లో చక్కగా నడిచిన సైటు, లింకు పంపాక అవతలివాళ్లకు తెల్ల పేజీగానో, 404 (పేజీ దొరకలేదన్న ఎర్రర్) గానో కనిపిస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో ఇచ్చిన లింకు అలా తెరుచుకుంటే విద్యార్థి పడ్డ కష్టమంతా వృథా. చదువుల పేజీ చూసే పాఠకులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

స్టాటిక్ హోస్టింగ్‌లో మన ప్రోగ్రామేదీ సర్వర్ మీద నడవదు. బ్రౌజర్ ఏ పేరుతో ఫైలు అడిగితే సర్వర్ ఆ ఫైలు తీసి ఇస్తుంది, లేకపోతే లేదంటుంది. డిప్లాయ్‌మెంట్‌లో, అంటే సైటును ఎక్కించడంలో వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

మనం రాసిన సోర్స్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే బ్రౌజర్‌కు జేఎస్‌ఎక్స్ (రియాక్ట్‌లో రాసే, హెచ్‌టీఎమ్‌ఎల్ లాంటి కోడు) అర్థం కాదు. ‘ఎన్‌పీఎం రన్ బిల్డ్’ అనే కమాండ్ ఇచ్చాక, బ్రౌజర్‌కు అర్థమయ్యే రూపంలో తయారయ్యే ఫోల్డర్‌నే ఎక్కించాలి. బిల్డ్ చేసే పరికరమైన వీట్‌లో దాని పేరు డిస్ట్. క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలైన పాత ప్రాజెక్టుల్లో బిల్డ్. రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్‌లో అయితే కాన్ఫిగ్ ఫైల్లో అవుట్‌పుట్‌ను ‘ఎక్స్‌పోర్ట్’ అని పెట్టాలి, అప్పుడు అవుట్ అనే ఫోల్డర్ వస్తుంది. సర్వర్ మీద ఆధారపడే సదుపాయాలు, నెక్స్ట్ మామూలుగా చేసే ఇమేజ్ ఆప్టిమైజేషన్‌తో సహా, ఈ పద్ధతిలో పనిచేయవు. యాంగ్యులర్ 17 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో ఇండెక్స్ ఫైలు ఇంకా లోతుకు వెళ్లింది: డిస్ట్‌లో ప్రాజెక్టు పేరు, అందులో బ్రౌజర్ అనే ఫోల్డర్. హోస్టింగ్ సెట్టింగుల్లో డిస్ట్ దగ్గరే ఆగిపోతే, బిల్డ్ సజావుగా ముగిసినా సైటు 404 చూపిస్తుంది.

బిల్డ్ అయ్యాక ఇండెక్స్ ఫైలును డబుల్ క్లిక్ చేసి ‘ఏమీ రావట్లేదు’ అని కంగారు పడనక్కర్లేదు. మాడ్యూల్ స్క్రిప్టులను నేరుగా డిస్కు మీద నుంచి తెరవడానికి బ్రౌజర్లు ఒప్పుకోవు. ‘వీట్ ప్రివ్యూ’ వంటి చిన్న లోకల్ సర్వర్‌తో చూసుకోవాలి.

తెల్ల పేజీకి తరచుగా కనిపించే కారణం దారి తప్పడం. గిట్‌హబ్ ఇచ్చే హోస్టింగ్ సేవ గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైటు యూజర్ పేరున్న డొమైన్ కింద, రిపాజిటరీ (కోడు ఉంచే చోటు) పేరుతో ఉన్న ఉపదారిలో ఉంటుంది. వీట్ మాత్రం సైటు డొమైన్ మొదట్లోనే ఉంటుందనుకుని ఫైళ్లన్నిటికీ ‘/అసెట్స్’ అని మొదలయ్యే చిరునామాలు రాస్తుంది. అక్కడ ఫైళ్లు ఉండవు కాబట్టి హెచ్‌టీఎమ్‌ఎల్ వస్తుంది, స్క్రిప్టు రాదు. వీట్ కాన్ఫిగ్‌లో ‘బేస్’ విలువగా రిపాజిటరీ పేరును ముందూ వెనకా స్లాష్‌తో ఇవ్వాలి. రౌటర్‌లో (ఏ చిరునామాకు ఏ పేజీ చూపాలో యాప్ లోపల తేల్చే కోడులో) ‘బేస్‌నేమ్’ కూడా అదే ఉండాలి, చాలామంది ఇది వదిలేస్తారు. జావాస్క్రిప్టులో మనం చేత్తో స్ట్రింగ్‌గా రాసిన బొమ్మల దారులను బేస్ సెట్టింగు మార్చదు. వాటిని ఇంపోర్ట్ చేయాలి, లేదా వీట్ ఇచ్చే బేస్ యూఆర్‌ఎల్ వేరియబుల్‌ను ముందు కలపాలి. తర్వాత సొంత డొమైన్ తగిలిస్తే బేస్‌ను తిరిగి ఒంటి స్లాష్‌కు మార్చడం మరవకూడదు. బ్రాంచి నుంచి నేరుగా పబ్లిష్ చేసేవాళ్లు ‘నోజెకిల్’ పేరుతో, ముందు చుక్క పెట్టి, ఒక ఖాళీ ఫైలు కూడా ఉంచాలి. లేకుంటే అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను, గిట్‌హబ్ పేజెస్ సైటు తయారీకి వాడే జెకిల్ పక్కన పెట్టేస్తుంది. నెక్స్ట్ ఫైళ్లన్నీ అలాంటి ఫోల్డర్‌లోనే ఉంటాయి.

అక్షరాల తేడా ఇంకో గొడవ. ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలై, ఇంపోర్ట్‌లో చిన్న అక్షరం ఉన్నా విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు. బిల్డ్ నడిచే లినక్స్ పట్టించుకుంటుంది, ఫైలు దొరకలేదని ఆగిపోతుంది. పేరు మార్చేటప్పుడు ‘గిట్ ఎంవీ’ వాడితే ఆ మార్పు గిట్‌లో కచ్చితంగా నమోదవుతుంది.

ఇక రిఫ్రెష్ సమస్య. హోమ్ పేజీ నుంచి క్లిక్ చేస్తే ‘అబౌట్’ తెరుచుకుంటుంది, అక్కడే రిఫ్రెష్ కొడితే 404. క్లిక్ చేసినప్పుడు దారి మార్చింది రౌటర్. రిఫ్రెష్ కొట్టినప్పుడు ఆ పేరుతో ఫైలు ఇమ్మని అడిగింది సర్వర్‌ను. ఫైలు దొరకనప్పుడు ఇండెక్స్ ఫైలు ఇవ్వమని హోస్టింగ్‌కు చెప్పుకోవాలి, ఆ చెప్పే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నెట్లిఫైలో అండర్‌స్కోర్ రీడైరెక్ట్స్ అనే ఫైల్లో ఒక్క వరుస: స్లాష్ స్టార్, ఇండెక్స్ ఫైలు దారి, చివర 200. ఆ ఫైలు పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటేనే బిల్డ్‌లోకి వెళ్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, పై స్థాయిలో 404 పేజీ లేకపోతే తనంతట తానే ఇలా చేస్తుంది. ఫైర్‌బేస్ సెటప్‌లో సింగిల్ పేజ్ యాపా అని అడిగినప్పుడు అవుననాలి, ఉన్న ఇండెక్స్ ఫైలును చెరిపి రాయనా అంటే వద్దనాలి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ‘ట్రై ఫైల్స్’ వరుస చాలు. గిట్‌హబ్ పేజెస్‌లో ఈ సదుపాయమే లేదు. ఇండెక్స్‌ను 404 పేరుతో కాపీ చేస్తే పేజీ కనిపిస్తుంది గానీ స్టేటస్ 404గానే వెళ్తుంది, సెర్చ్ ఇంజిన్లు దాన్ని లేని పేజీగానే లెక్కేస్తాయి. సెర్చ్‌లో కనిపించాల్సిన సైటైతే ప్రతి పేజీకీ విడిగా హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుచేసే పద్ధతే నయం.

అమెజాన్ ఫైళ్ల నిల్వ సేవ ఎస్3 ఎంచుకునేవాళ్లు ఒకటి గమనించాలి: దాని వెబ్‌సైట్ ఎండ్‌పాయింట్‌కు హెచ్‌టీటీపీఎస్ లేదు. దానికి ముందు అమెజాన్‌దే అయిన క్లౌడ్‌ఫ్రంట్ సేవను పెట్టాలి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ను నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే తీసుకోవాలి, వేరేచోట తీసుకుంటే క్లౌడ్‌ఫ్రంట్‌కు కనిపించదు. బకెట్‌ను (ఎస్3లో ఫైళ్లు ఉండే చోటును) ప్రైవేటుగా ఉంచితే, లేని ఫైలుకు మామూలుగా 404 బదులు 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. కాబట్టి ఎర్రర్ రెస్పాన్సులు రెంటికీ పెట్టుకోవడం మంచిది.

కొత్త వెర్షన్ ఎక్కించాక పాతదే కనిపిస్తోందంటే అది క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ) పని. బిల్డ్‌లో జావాస్క్రిప్టు, సీఎస్‌ఎస్ ఫైళ్ల పేర్ల చివర హ్యాష్ (లోపలి కోడును బట్టి వచ్చే అక్షరాల గుర్తు) ఉంటుంది. లోపలి కోడు మారితే పేరు మారుతుంది, అందుకని వాటికి ఏడాది, అంటే 31536000 సెకన్ల క్యాష్ ఇచ్చినా ఇబ్బంది లేదు. ఇండెక్స్ ఫైలు పేరు ఎప్పుడూ ఒకటే. దానికి మాత్రం ‘నో క్యాష్’ ఇవ్వాలి. ఇది తిరగబడితే జరిగేది ఇదీ: బ్రౌజర్‌లో మిగిలిన పాత ఇండెక్స్ పాత పేరున్న స్క్రిప్టును అడుగుతుంది, దాన్ని మనం చెరిపేసి ఉంటాం. పైన చెప్పిన రిఫ్రెష్ ఏర్పాటు వల్ల సర్వర్ స్క్రిప్టుకు బదులు ఇండెక్స్ పేజీని ఇస్తుంది. అప్పుడు కన్సోల్‌లో మైమ్ టైప్ (ఫైలు ఏ రకమో చెప్పే గుర్తు) తప్పనో, ఊహించని ‘<’ గుర్తు వచ్చిందనో ఎర్రర్ పడుతుంది. ఆ ఎర్రర్ చూసి కోడులో తప్పు వెతికితే దొరకదు. సైటు ఎప్పటినుంచో తెరిచి ఉంచినవాళ్లకూ ఇదే చిక్కు, అందుకే పాత హ్యాష్ ఫైళ్లను కొన్నాళ్లు సర్వర్ మీదే ఉండనివ్వడం నా దృష్టిలో సరైన పద్ధతి. అప్‌లోడ్‌లోనూ ముందు అసెట్స్, చివర్లో ఇండెక్స్ వెళ్లాలి.

చాలా ముఖ్యమైనది రహస్య కీల సంగతి. వీట్‌లో ‘వీట్’ అన్న ముందుమాటతో, క్రియేట్ రియాక్ట్ యాప్‌లో ‘రియాక్ట్ యాప్’ అన్న ముందుమాటతో మొదలయ్యే వేరియబుళ్ల విలువలు బిల్డ్ సమయంలోనే ఫైళ్లలోకి చేరిపోతాయి. ఎవరైనా బ్రౌజర్‌లో సోర్స్ తెరిచి చదవొచ్చు. డేటాబేస్ పాస్‌వర్డు, చెల్లింపుల రహస్య కీ ఎట్టి పరిస్థితుల్లోనూ అందులో పెట్టకూడదు. పొరపాటున వెళ్లిపోతే ఫైలు తీసేయడం చాలదు, ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఇంకో సంగతి, హోస్టింగ్ ప్యానెల్‌లో విలువ మార్చినంత మాత్రాన సైటు మారదు, మళ్లీ బిల్డ్ కావాలి.

ఎక్కించే దారుల్లో ఫోల్డర్‌ను లాగి వదలడం ఒకసారి చూపించడానికి సరిపోతుంది. నిలబడే పనికి గిట్ రిపాజిటరీని హోస్టింగ్‌కు కలపడమే మేలు: పుష్ చేయగానే బిల్డ్ నడుస్తుంది, తేడా వస్తే పాత డిప్లాయ్‌కు వెనక్కి వెళ్లే వీలు చాలాచోట్ల ఉంది. లాక్ ఫైలును (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైలును) కమిట్ చేసి ‘ఎన్‌పీఎం సీఐ’ వాడాలి, నోడ్ వెర్షన్‌ను రాసి ఉంచాలి. క్రియేట్ రియాక్ట్ యాప్ ప్రాజెక్టులు సీఐలో (బిల్డ్ తనంతట తానే నడిచే ఏర్పాటులో) వార్నింగులను కూడా ఎర్రర్లుగా తీసుకుని ఆగిపోతాయి. ఉచిత సేవల పరిమితులూ చదువుకోవాలి. గిట్‌హబ్ పేజెస్ సైటు 1 జీబీ మించకూడదు, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదు, వెర్సెల్ హాబీ ప్లాన్ వ్యాపారానికి కాదు.

లింకు ఎవరికైనా పంపే ముందు వేరే ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి, హోమ్ పేజీ కాకుండా ఏదైనా లోపలి పేజీ చిరునామాను నేరుగా కొట్టి, ఒకసారి రిఫ్రెష్ చేసి చూడమని విద్యార్థులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక ఫ్రంటెండ్ డెవలపర్