యార్డు గరిష్ఠ ధర ఒక్కటే వేస్తే మా లెక్క ఎట్టా కుదురుద్ది?

ఎడిటర్ గారికి నమస్కారం,

గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చారంటే ఊళ్ళో వచ్చే సీజన్ లెక్కలు మొదలు. ఎవర్ని కదిపినా ఒకటే, తేజ రకం మిర్చి ఇంత పలికిందంట పేపర్లో చూశా, ఎకరానికి పాతిక క్వింటాళ్ళు, ఇంక గుణించుకో అంటారు. పేపర్లో పెద్దక్షరాలతో పడేది ఆ రోజు గుంటూరు యార్డులో ఏ నాలుగు లాట్లకో వచ్చిన గరిష్ఠ ధర అండీ, మిగతా సరుకు ఎంతకి పోయిందో, తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఎంతకి పోయిందో ఉండదు. తాలు లేని మిర్చి ఎవరి కల్లంలో ఉంది చెప్పండి. ఇంకోటి, పొలం ఆసామి కూడా ఆ రేటు చూసే కౌలు పెంచుతాడు, ధర పడ్డప్పుడు మాత్రం ఆయన పేపర్ చదవడు.

ఖర్చు సంగతీ అంతే. విత్తనం, ఎరువులు రాసుకుంటారు, మందులకి ఏదో ఒక అంకె వేస్తారు, 2021-22లో నల్ల తామరపురుగు వచ్చిపడ్డాక ఆ అంకె నిలిచింది ఎక్కడ. కోత కూలి, ఆరబోత, తాలు ఏరడం, గోతాలు, కిరాయి, హమాలీ, కమీషను ఇవన్నీ పంట చేతికొచ్చాక పోయేవి కాబట్టి జూన్‌లో గుర్తుకురావు, ధర లేక కోల్డ్ స్టోరేజీలో పెడితే దాని అద్దె, ఈలోపు అప్పు మీద వడ్డీ. ఇంట్లో ఆడాళ్ళ కష్టానికైతే రూపాయి కట్టరు. మద్దతు ధరలకి కేంద్రం వేసే ఏ2+ఎఫ్ఎల్ అనే సాగు ఖర్చు లెక్కలోనే, చేతి నుంచి పెట్టిన ఖర్చుతో పాటు ఇంటి మనుషుల కష్టం ఉంటది, మనకెందుకు ఉండదో.

మిర్చికి అసలు మద్దతు ధరే లేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 అన్నారు, సరే అదే వచ్చిందనుకుందాం. కౌలుతో కలిపి ఎకరానికి ఖర్చు 2 లక్షలయితే, 20 క్వింటాళ్ళు పండితే క్వింటాకి పడేది పదివేలు, ఎకరాకి 35 వేల చిల్లర మిగులుద్ది. అదే తెగులొచ్చి 14 దగ్గర ఆగిందా, క్వింటాకి 14,000 దాటి పడుద్ది, క్వింటాకి ఎదురు 2,500 మనమే పెట్టుకోవాలి. అందుకే మంచి ఏడాది దిగుబడితో కాకుండా చెడ్డ ఏడాది దిగుబడితో ఒకసారి, ఓ మోస్తరు దానితో ఒకసారి వేసి చూడాలి, పక్కనే మొక్కజొన్న లెక్క కూడా వేసుకోవాలి, అందులో మిగిలేది తక్కువే గానీ మునిగేదీ తక్కువే.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్యలో ఎక్కువ సరుకు ఏ రేటుకి అమ్ముడైందో అది వెయ్యండి, కేంద్రం మార్కెట్ ధరలు పెట్టే వెబ్‌సైట్ ఆగ్‌మార్క్‌నెట్‌లో మోడల్ (modal) ధర అని ఉండేది అదే, కానీ ఫోన్‌లో వెతికి చూసే రైతులు ఎంతమంది. తాలు రేటు విడిగా, ఆ రోజు వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్నో కూడా వెయ్యండి. బ్యాంకు అప్పులకి జిల్లాలో పంటల వారీగా ఖరారు చేసే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంకెలు కూడా నార్లు పోయకముందే జిల్లా పేజీలో వస్తే కౌలు మాట్లాడుకునేటప్పుడు చూపించుకోడానికి ఒక కాగితం అయినా ఉంటది.

ఇట్లు
ఒక మిర్చి రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా