ఆ ఐదొందలకు రాతపూర్వకంగా జవాబు కావాలి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో కొన్ని కమర్షియల్ కాంప్లెక్సుల ముందు ‘నో స్టాపింగ్’ పేరుతో ప్రైవేటు మనుషులు వసూలు చేస్తున్న డబ్బు గురించి ఈ ఉత్తరం. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఎవరి దగ్గరైనా రూపాయి తీసుకుంటే నంబరున్న కాగితం వాళ్ల చేతిలో పెట్టాలనేది మా ఉద్యోగంలో మొదటి పాఠం. అందుకేనేమో ఈ సంగతి నాకు కొంచెం ఎక్కువగానే గుచ్చుకుంటోంది.

మా ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు స్కానింగ్ రాస్తే ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తులో ఉన్న సెంటర్‌కు తీసుకెళ్లాను. కింద బట్టల షాపు, దాని పైన బ్యాంకు, ఆ పైన ఈ స్కానింగ్ సెంటర్. సెల్లార్‌లోకి దిగే ర్యాంప్‌కు అడ్డంగా గొలుసు కట్టి ఉంది. లోపల చూస్తే అట్టపెట్టెలు, పాత కౌంటర్లు, ఒక జనరేటర్. బండ్లు పెట్టుకోవడానికి కట్టిన సెల్లార్‌లో బండి తప్ప అన్నీ ఉన్నాయి. సరే, మెట్ల దగ్గర కారు ఆపి, ఆమెను పట్టుకుని లిఫ్ట్ ఎక్కించి, పైన కుర్చీలో కూర్చోబెట్టి దిగి వచ్చాను. కారు ముందు టైరుకు ఇనుప లాక్ వేసి ఉంది.

మెడలో విజిల్ వేసుకున్న కుర్రాడు వచ్చాడు. “పెద్దాయనా, ఇది నో స్టాపింగ్. ఐదొందలు కొట్టు, తాళం తీస్తా” అన్నాడు. బోర్డు ఏదిరా బాబూ అంటే స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ వేలాడుతున్న పండగ ఆఫర్ల ఫ్లెక్సీని చేత్తో పక్కకు జరిపి చూపించాడు. దాని వెనక నోటుబుక్కు అంత రేకు, దాని మీద ఇంగ్లీషులో మూడు ముక్కలు. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. ఎండలో నిలబడి నెల జీతానికి చేసే పని అది. కానీ ఫ్లెక్సీ ఎత్తితే గానీ కనిపించని బోర్డును నేను చదివి ఒప్పుకున్నట్టు లెక్క కట్టడం ఎక్కడి పద్ధతి?

పైన ఆమె పేరు పిలిచే టైమవుతోంది. ఆ టెన్షన్‌లో వాదన పెట్టుకునే ఓపిక లేక ఫోన్‌లో కట్టేశాను. స్కాన్ చేయగానే తెర మీద కనిపించింది కంపెనీ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు. రసీదు అడిగితే చిన్న చీటీ చింపి ఇచ్చాడు. దాని మీద ‘పెనాల్టీ 500’ అని, కారు నంబరు, తేదీ. అంతే. సీరియల్ నంబరు లేదు, సంస్థ పేరు లేదు, చిరునామా లేదు, ఏ నిబంధన కింద తీసుకున్నారో లేదు. టైము కూడా రాయలేదు. నేను అక్కడ ఎంతసేపు ఆపానన్నదే కదా అసలు గొడవ!

అంబులెన్స్ వచ్చే దారిలో, మెట్లకు అడ్డంగా బండి పెట్టి షాపింగ్‌కు పోయేవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. అలాంటి చోట ఆపొద్దనడం సబబే. బస్టాండులో ప్లాట్‌ఫాం మీదికి ఆటోలు వచ్చి నిలబడితే డ్రైవరు, నేను ఎన్నిసార్లు కిందికి దిగి అరిచామో! నా గొడవ నిబంధనతో కాదు. ఆ నిబంధన పేరు చెప్పి డబ్బు తీసుకున్న మనిషి, తర్వాత ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇంటికొచ్చాక, ఆ ఛార్జీ మీద అప్పీలు చేసుకుందామని బయల్దేరాను. కాంప్లెక్స్ ఆఫీసులో అడిగితే పార్కింగ్ కాంట్రాక్టుకు ఇచ్చాం, మాకు సంబంధం లేదన్నారు. కాంట్రాక్టరు నంబరు ఇవ్వడానికే గునిశారు. చివరికి దొరికిన కాంట్రాక్టరు ఫోన్‌లో, ముందు జాగా మొత్తం లీజుకు తీసుకున్నాం, మా జాగాలో మా రూలు అన్నాడు. అప్పీలు ఎవరికి చేసుకోవాలని అడిగితే నవ్వాడు. “ఐదొందలకు అప్పీలేంది సార్?” అన్నాడు. మా బామ్మర్ది కూడా అదే మాటన్నాడు, అది వేరే సంగతి.

మా ఆర్టీసీలో టికెట్ల ట్రే, పంచ్ ఉన్న రోజుల నుంచి టికెట్ కొట్టే టిమ్ మిషన్ల దాకా చూశాను. స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాసేవాళ్లం. చెకింగ్ వాళ్లు మధ్యలో బస్సెక్కితే సంచిలో చిల్లర, ఎస్సార్‌లో అంకె సరిపోవాలి. సరిపోకపోతే కేసే. అలా కేసు రాసినా కండక్టరుకు చార్జిషీటు ఇస్తారు, వివరణ ఇచ్చుకోవడానికి గడువిస్తారు, ఎంక్వయిరీ పెడతారు. పనిష్మెంట్ పడితే పైఅధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. ట్రాఫిక్ పోలీసులు పంపే ఈ-చలానా మీద మనకెంత విసుగున్నా దాని మీద ఫొటో ఉంటుంది, తేదీ, టైము, స్థలం ఉంటాయి, ఏ తప్పుకు ఎంతో రాసి ఉంటుంది. డబ్బు పోయేది సర్కారు ఖజానాకు. మరి ఈ చీటీకి ఏ ఖజానా?

కాలనీలో ఉన్న వకీలుగారిని కూర్చోబెట్టుకుని కొంత చదివాను. మోటారు వాహనాల చట్టం, 1988లో 127వ సెక్షన్ ఉంది. పార్కింగ్‌ను చట్టప్రకారం నిషేధించిన చోట బండి పెడితే దాన్ని లాగేయించాలన్నా, చక్రానికి క్లాంప్, అంటే ఇలాంటి లాక్, వేయించాలన్నా ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతించాలని అందులో ఉంది. విజిల్ వేసుకున్న కుర్రాడికి ఆ అధికారం ఎవరిచ్చారు? కాదు, ఇది మా ప్రైవేటు జాగా, మీకూ మాకూ మధ్య ఒప్పందం అంటారా? అలాగే అనుకుందాం. ఒప్పందమంటే షరతు నాకు ముందే తెలియాలి. ఫ్లెక్సీ వెనక దాచిన షరతు ఒప్పందం ఎలా అవుతుంది? పైగా భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినప్పుడు ఇంత కట్టాలని ముందే రాసుకున్నా సరే, దక్కేది ఆ మొత్తానికి మించని న్యాయమైన పరిహారమే. పావుగంట కూడా ఆగని కారు వల్ల వాళ్లకు 500 రూపాయల నష్టం ఎక్కడ జరిగిందో చెప్పమనండి.

ఇంకొకటి. రాష్ట్ర మున్సిపల్ శాఖ 2018 మార్చిలో జీవో 63 ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో పార్కింగ్ ఫీజు గురించి. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలన్నారు. మొదటి 30 నిమిషాలు ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకూడదు. అరగంట దాటి గంట లోపు అయితే ఆ కాంప్లెక్సులో ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఫీజు లేదు. గంట దాటితే ఆ బిల్లో సినిమా టికెట్టో పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ మొత్తానికి ఉంటే చాలు. 2021లో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు పార్కింగ్ ఫీజు తీసుకునే వెసులుబాటు ఇచ్చారు గానీ మాల్స్, మల్టీప్లెక్సుల సంగతి మార్చలేదు. ఇది చెబితే కాంట్రాక్టరు, ‘అది ఫీజు గురించి, మాది పెనాల్టీ’ అన్నాడు. తెలివైన మాటే. అరగంట లోపు పదో ఇరవయ్యో తీసుకోవడానికి వీల్లేదట, పేరు మార్చి ఐదొందలు మాత్రం తీసుకోవచ్చట!

మా చిన్నమ్మాయి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఇదంతా చెబితే, నాకూ ఇలాంటిదే వచ్చింది నాన్నా అంది. అక్కడ ఒక షాపింగ్ పార్కు లోపలి దారిలో, ఆపకూడని చోట స్నేహితురాలిని ఎక్కించుకోవడానికి ఆగిందట. కెమెరా ఫొటో తీసింది. ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నుంచి 100 పౌండ్లు కట్టమని ఇంటికి ఉత్తరం వచ్చింది, 14 రోజుల్లో కడితే 60. చూడ్డానికి అచ్చం సర్కారు జరిమానా కాగితంలా ఉంటుందట, నిజానికి అది ఒప్పందం కింద పంపిన బిల్లే. అయితే అప్పీలు ఎలా చేసుకోవాలో ఆ ఉత్తరంలోనే ఉంది. ముందు కంపెనీకే రాయాలి. వాళ్లు కాదంటే, ఆ కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్‌లో సభ్యురాలైతే, 28 రోజుల్లో పోప్లా అనే స్వతంత్ర సంస్థకు పెట్టుకోవచ్చు. బండి యజమాని పైసా కట్టక్కర్లేదు. ప్రైవేటు జాగాలో అధికారం లేకుండా చక్రానికి లాక్ వేయడం ఇంగ్లండ్, వేల్స్‌లలో 2012 అక్టోబరు నుంచి నేరం.

మా అమ్మాయి ఆ అప్పీలు ఓడిపోయింది. బోర్డులు సరిగ్గానే ఉన్నాయని తేల్చారు, కట్టేసింది. అక్కడి సుప్రీంకోర్టు కూడా 2015లో చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్లోని ఒక షాపింగ్ పార్కు కేసులో 85 పౌండ్ల ఛార్జీ చెల్లుతుందనే తీర్పిచ్చిందట. ఆ కేసులో బోర్డులు పెద్దవిగా, అందరికీ కనిపించేలా ఉన్నాయన్నది ముఖ్యమైన అంశం. కాబట్టి అక్కడ అప్పీలు పెడితే డబ్బు మిగులుతుందని నేననడం లేదు. ఎందుకు ఓడిపోయిందో మాత్రం కారణాలతో సహా రాసి పంపారు. ఆ కాగితం నాకు వాట్సాప్‌లో పెట్టింది. నాకు కావలసింది అలాంటి కాగితమే. ‘మీ అప్పీలు చూశాం, ఈ కారణంతో ఒప్పుకోవడం లేదు’ అని ఒక మనిషి సంతకం పెట్టి ఇస్తే, ఆ ఐదొందలు పోయినా నాకు బాధ లేదు.

అందుకే కాంప్లెక్స్ యాజమాన్యానికి, కాంట్రాక్టరుకు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. చీటీ జిరాక్సు, ఫోన్‌పే రసీదు, ఫ్లెక్సీ వెనక బోర్డు ఫొటో జతచేశాను. లాక్ వేయడానికి ఏ అధికారం ఉంది, లీజు ఎవరిచ్చారు, డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఇవే నా ప్రశ్నలు. జవాబు రాలేదు గానీ ఫోన్ వచ్చింది. “సార్, మీరు పెద్దమనుషులు, సగం వాపసు ఇస్తం, కాగితాలు గీగితాలు ఎందుకు” అని. వద్దన్నాను. తప్పు నాదైతే రూపాయి కూడా ఇవ్వొద్దు, వాళ్లదైతే సగమెందుకు?

గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ వారు ఒక పని చేయవచ్చు. కాంప్లెక్సుల ముందు డబ్బు వసూలు చేసే ప్రతి కాంట్రాక్టరు తన పేరు, చిరునామా, రేట్లు, ఫిర్యాదు ఎవరికి చేయాలన్నది తెలుగులో పెద్ద బోర్డు మీద రాయాలని నోటీసు ఇస్తే చాలు. సీరియల్ నంబరు లేని చీటీ మీద వసూలు చెల్లదని చెప్పాలి. జీవో 63 ప్రతిని ప్రతి కాంప్లెక్స్ గేటు దగ్గర అంటించాలి. అన్నిటికంటే ముందు ఆ సెల్లార్లు ఖాళీ చేయించాలి. ప్లానులో పార్కింగ్ అని చూపించి పర్మిషన్ తీసుకున్నాక, అందులో గోడౌన్ పెట్టుకుని, జాగా లేక ముందు ఆపిన వాళ్ల టైరుకు తాళం వేయడం చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. సెల్లార్ తెరిస్తే మెట్ల దగ్గర ఆపాల్సిన అవసరమే చాలామందికి రాదు. మోకాళ్ల నొప్పులవాళ్లను, గర్భిణులను దించడానికి నాలుగైదు నిమిషాలు ఆగే చోటొకటి గీత గీసి ఉంచితే మిగతా గొడవ కూడా తీరుతుంది. ఈ కోరికలన్నీ రాసి వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇస్తాను.

నా కేసు మటుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్తున్నాను. ఇలాంటి చీటీ ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గొడవ జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు, తెలుగులో మాట్లాడతారు. టైరుకు లాక్ కనిపిస్తే ముందు దాన్ని, తర్వాత బోర్డును, బోర్డు లేకపోతే ఆ స్తంభాన్ని ఫొటో తీసుకోండి. డబ్బు పంపేటప్పుడు తెర మీద వచ్చే పేరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
హన్మకొండ