పది నెలల తర్వాతి జాబితాలో ఆమె ఎలా ఉంటారు?

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్
12 నవంబరు 2025

మేనేజర్ గారికి,
కుటుంబ చరిత్ర శోధన విభాగం,
హైదరాబాదు.

విషయం: చైనాలోని వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో ఉన్న మా అత్తగారి పెద్దమ్మ గురించి మీరిచ్చిన తప్పులతడక నివేదిక, చెల్లించిన 46,500 రూపాయల వాపసు, మా అసలు పత్రం అప్పగింత.

అయ్యా,

మీ నివేదిక అందింది. 22 పేజీలు, దళసరి అట్ట, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. ఎవరి కోసం వెతకమన్నామో ఆవిడ తప్ప లోపల చాలామంది ఉన్నారు.

ఈ పని మీకు అప్పగించి పది నెలలైంది. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త గొంతు వినిపించి, కథంతా మొదటి నుంచి చెప్పించుకునేది. అందుకే ఈసారి రాతపూర్వకంగా చెబుతున్నాను. తెలుగులో చెబితే చాలు, మిగతాది మేం చూసుకుంటామని మీ ప్రకటనలో ఉంది గనుక తెలుగులోనే రాస్తున్నాను.

నా భర్తది నెదర్లాండ్స్. ఆయన తల్లికి ఇప్పుడు 84 ఏళ్లు. ఆవిడ తల్లికి అక్క ఒకరు చిన్న వయసులోనే మఠంలో చేరి, మిషనరీ సిస్టరుగా ఉత్తర చైనా వెళ్లారు. 1941 డిసెంబరులో నెదర్లాండ్స్ జపాను మీద యుద్ధం ప్రకటించింది. జపాను సైన్యం చేతిలో ఉన్న చైనా ప్రాంతంలో రోగులకు మందులిస్తూ, పిల్లలకు చదువు చెబుతూ బతుకుతున్న డచ్చి సిస్టర్లు ఆ దెబ్బతో శత్రుదేశస్థులైపోయారు. 1943 మార్చిలో పెకింగ్ (ఇప్పటి బీజింగ్), టియెంట్సిన్, చింగ్‌తావ్ నగరాల నుంచి బ్రిటిషు, అమెరికన్, బెల్జియం పౌరులతో పాటు వీళ్లనూ షాన్‌డాంగ్ రాష్ట్రంలోని వెయ్‌షియెన్‌కు తరలించారు. అంతకుముందు అది అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ ఆవరణ. బడి, ఆసుపత్రి, చర్చి ఉన్న ఆ ప్రాంగణంలో 1,500 మంది దాకా కుక్కి, చుట్టూ కాపలా పెట్టారు.

అక్కడి నుంచి పెద్దమ్మగారు రాసిన రెడ్‌క్రాస్ ఫారం ఒక్కటే ఈ ఇంట్లో మిగిలింది. 25 మాటలకు మించి రాయనివ్వని ఫారం అది. ఆరోగ్యం బాగుందని, వంటశాలలో పని చేస్తున్నానని, చెల్లెలి పాపకు దీవెనలని రాశారు. తేదీ 1943 జూన్. జెనీవా మీదుగా తిరిగి తిరిగి ఇంటికి చేరేసరికి మరుసటి ఏడాది వసంతకాలం వచ్చింది. ఆ పాపే మా అత్తగారు. తర్వాత ఏ కబురూ లేదు. ‘చైనాలోనే పోయిందట’ అనే మాట మాత్రం ఇంట్లో నలిగింది. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఎవరికీ తెలియదు. మీకు అప్పగించిన పని అంతే: ఆ ఎప్పుడు, ఆ ఎక్కడ.

ఇక మీ నివేదిక 17వ పేజీ. వెయ్‌షియెన్ శిబిరవాసుల జాబితాలో ఈ పేరు గల వ్యక్తి లేరు కాబట్టి ఆమె అక్కడ నిర్బంధంలో ఉన్నట్లు ఆధారం లేదని, ఫారం మరొకరిదై ఉండవచ్చని రాశారు. 84 ఏళ్ల మనిషికి ఈ వాక్యాన్ని ఆమె భాషలోకి మార్చి చదివి వినిపించాల్సిన పని నా మీద పడింది. ఎనభై ఏళ్లు తన తల్లి, ఆ తర్వాత తాను బీరువాలో దాచుకున్న కాగితం పరాయివాళ్లదని చెప్పాలి. నేను చెప్పలేదు. ఆ పేజీ చదవకుండా దాటేశాను.

మీరు చూసిన జాబితా ఏది? నివేదిక చివర మీరే అతికించారు: 1944 జూన్ నాటిది. వెయ్‌షియెన్ గురించి ఒక్క పూట చదివినవారికి ఎవరికైనా తెలిసే సంగతి ఇది. 1943 ఆగస్టులో, చర్చి పెద్దలు జపాను అధికారులతో మాట్లాడిన మీదట, శిబిరంలోని కాథలిక్ గురువులనూ మఠకన్యలనూ వందల సంఖ్యలో అక్కడి నుంచి తీసి పెకింగ్‌లోని మఠాలకు పంపేశారు. కొద్దిమంది మాత్రమే వెయ్‌షియెన్‌లో ఆగారు. ఆగస్టులో వెళ్లిపోయిన మనిషి పది నెలల తర్వాత రాసిన జాబితాలో ఎలా ఉంటారు? పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల పుట్టింటి రేషను కార్డులో కనిపించలేదని, ఆమె ఆ ఇంట పుట్టనే లేదని తేల్చినట్లుంది మీ తర్కం.

చరిత్ర పుస్తకాలు తిరగేసే తీరిక మీ పరిశోధకుడికి లేకపోయిందనుకుందాం. జాబితానైనా కళ్లు తెరిచి చూసి ఉండాల్సింది. అందులో చీఫూ అనే ఊళ్లోని మిషన్ బడి పిల్లల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ పిల్లలు వెయ్‌షియెన్‌కు వచ్చింది 1943 సెప్టెంబరులో, అంటే మఠకన్యలు వెళ్లిపోయాక. ఆ జాబితా ఎప్పటి జనానిదో అది తానే చెబుతోంది. ఫారం మీద తేదీ జూన్ 1943, జాబితా మీద తేదీ జూన్ 1944. రెండు తేదీలూ మీ బల్ల మీదే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికే కదా మీకు డబ్బు కట్టింది!

పేరు దగ్గర జరిగిన గందరగోళం ఇంకో కథ. ఆ కాలంలో సిస్టర్లు వ్రతం పట్టినప్పుడు ఇంటి పేరూ పుట్టు పేరూ వదిలి కొత్త పేరు స్వీకరించేవారు. చాలామంది పురుష పునీతుల పేర్లు పెట్టుకునేవారు. పెద్దమ్మగారి మఠనామం కూడా అలాంటిదే. ఆ పేరు చూసి మీవాళ్లు మగమనిషి అనుకున్నారు. మీ 9వ పేజీ నుంచి 13వ పేజీ దాకా ఉన్నది బెల్జియానికి చెందిన ఒక ఫాదర్ జీవితం. గడ్డం ఉన్న ఫొటోతో సహా. ఆయన పుణ్యాత్ముడే, కాదనను. మా అత్తగారికి పెద్దమ్మ మాత్రం కాలేరు.

జ్ఞానస్నానం నాటి పేరుతోనూ వెతకమని నేను అడిగాను. వెతికారు, కానీ తప్పు ఇంటి పేరుతో. ఎలా జరిగిందో ఆలోచిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ కార్యాలయంలో కూర్చుని నేను చెప్పిన మాట ‘పెద్దమ్మ’. అది మీ ఫారంలోకి ‘ఆంటీ’గా ఎక్కింది. ఆంటీ అనగానే పరిశోధకుడు తండ్రివైపు ఇంటి పేరు పట్టుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మకూ మేనత్తకూ తేడా ఈ దేశంలో వాళ్లకు తెలియదంటే అర్థం చేసుకుంటాను, వీళ్లకు ఇద్దరూ ‘టాంటే’నే. హైదరాబాదులో కూర్చుని, తెలుగులో విని, ఆ తేడా పోగొట్టుకోవడం మీకే చెల్లింది.

వెతికిన చోట్ల సంగతి. జర్మనీలోని ఆరొల్సెన్ పత్రాగారంలో శోధనకు ‘ప్రవేశ రుసుము’ పేరిట 9,500 రూపాయలు విడిగా కట్టించుకున్నారు. ఆరొల్సెన్‌లో ఉన్నవి నాజీల చేతిలో చిక్కినవారి పత్రాలు. షాన్‌డాంగ్‌లో జపాను సైన్యం బంధించిన సిస్టరు కోసం అక్కడ వెతకడం, బందరులో తప్పిపోయిన మనిషి కోసం బొంబాయి పోలీసు స్టేషనులో ఆరా తీయడం లాంటిది. అంతకన్నా ముఖ్యం, కుటుంబాలు అడిగే సమాచారానికి ఆరొల్సెన్ రుసుము తీసుకోదు. మరి నా 9,500 ఎక్కడికి వెళ్లింది? రసీదు పంపమని మూడుసార్లు అడిగాను. రాలేదు.

తర్వాత జావా, సుమత్రా శిబిరాల వివరాలతో నాలుగు పేజీలు నింపారు. డచ్చివాళ్లు, జపాను శిబిరం అనగానే ఇండొనేషియా తట్టడం సహజమే. అక్కడ సుమారు లక్ష మంది డచ్చి పౌరులు నిర్బంధంలో ఉన్నారు. కానీ ఫారం మీద వెయ్‌షియెన్ అని స్పష్టంగా ఉన్నాక ఆ నాలుగు పేజీలు ఎందుకు? ఇక వెయ్‌షియెన్ పటం అంటూ ఇచ్చింది హెబెయ్ రాష్ట్రంలో ఇంచుమించు అదే పేరున్న వేరొక జిల్లాది. మన శిబిరం ఉన్న ఊరు ఇప్పుడు షాన్‌డాంగ్‌లో వెయ్‌ఫాంగ్ నగరం.

ఆగస్టులో మీ ప్రతినిధితో మాట్లాడినప్పుడు ఈ తప్పులన్నీ వివరించాను. ‘ఎనభై ఏళ్ల నాటి విషయం కదా మేడం, ఇంతకన్నా దొరకదు’ అన్నారు ఆ అమ్మాయి. ఆమె తప్పేమీ లేదు, ఎవరో చెప్పమన్న మాట చెప్పింది. కానీ దొరికింది. ఎలా దొరికిందో కూడా చెబుతాను, మీ తర్వాతి ఖాతాదారుడికైనా పనికొస్తుంది.

మఠకన్య కోసం వెతికేవాళ్లు మొదట తట్టాల్సింది ఆమె చేరిన సభ, అంటే సిస్టర్ల సంఘం, తలుపు. ఏ సభ అయినా తన సిస్టర్ల నమోదు కార్డులు రాసి ఉంచుకుంటుంది: పుట్టు పేరు, మఠనామం, వ్రతం పట్టిన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి పంపారు, మరణం. సిస్టర్లు తగ్గిపోయి మఠాలు మూతపడుతున్నకొద్దీ ఈ దేశంలోని చాలా సభలు తమ పత్రాలను సింట్ అగాతా అనే ఊళ్లోని పాత మఠంలో ఉన్న వారసత్వ కేంద్రానికి అప్పగించాయి. మిగతావి తమ ప్రధాన మఠంలోనే ఉంచుకున్నాయి. పెద్దమ్మగారి సభ రెండో రకం. నేను వాళ్లకు ఒక ఉత్తరం రాశాను, ఫారం ఫొటో జతచేశాను. మూడు వారాల్లో ఒక ముసలి సిస్టరు స్వహస్తంతో జవాబు రాశారు. పైసా అడగలేదు.

కార్డులో ఉన్నది ఇది: 1943 మార్చిలో వెయ్‌షియెన్. ఆగస్టులో పెకింగ్. యుద్ధం ముగిశాక అక్కడే ఉండి ఆసుపత్రి పని. 1947 ఫిబ్రవరిలో జ్వరంతో మరణం. ఆరు పంక్తులు. ఆ సిస్టరు అడుగున మరో మాట చేర్చారు: ప్రతి ఏటా ఆ తేదీన తమ మఠంలో ప్రార్థన సమయంలో ఈమె పేరు చదువుతున్నారట. ఇక్కడి నుంచి కారులో గంట దూరంలో ఉన్న ఆ మఠంలో డెబ్భై ఎనిమిది ఏళ్లుగా ఆ పేరు వినిపిస్తూనే ఉంది. మా అత్తగారు ఇది విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒకే ఒక్కటి: ‘నా కాగితం ఏది?’

ఆ కాగితం మీ దగ్గర ఉంది. ఫొటో సరిపోదు, స్కానింగుకు అసలుదే కావాలని జనవరిలో పట్టుబట్టి తీసుకున్నారు. నెల రోజుల్లో తిరిగి ఇస్తామని రసీదు మీద రాసి సంతకం చేశారు. నివేదికతో పాటు వస్తుందనుకున్నాను. దానికి బదులు అట్ట మీద బంగారు అక్షరాలు వచ్చాయి. ఒప్పుకున్న నా బుద్ధితక్కువతనానికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

కనుక ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో 37,000 రూపాయల శోధన రుసుము, ఆరొల్సెన్ పేరిట తీసుకున్న 9,500 రూపాయలు నా ఖాతాకు తిరిగి జమచేయండి. ఫారం మరొకరిదై ఉండవచ్చన్న 17వ పేజీ వాక్యం తప్పని ఒప్పుకుంటూ సంతకంతో లేఖ పంపండి. అది మా అత్తగారికి చూపించడానికి కాదు. ఆవిడకు ఆ వాక్యం సంగతి ఎప్పటికీ తెలియదు. రేపు మా పిల్లలు ఈ ఫైలు తెరిస్తే వాళ్ల కోసం. గడువు దాటితే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ రుసుము కూడా లేదని మా తమ్ముడు కనుక్కున్నాడు.

ఫారం మాత్రం పదిహేను రోజులు ఆగదు. దాన్ని కొరియరుకు ఇవ్వకండి. వచ్చే సోమవారం ఉదయం మా తమ్ముడు మీ రసీదు తీసుకుని మీ కార్యాలయానికి వస్తాడు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి అతని చేతికివ్వండి. ఆ కాగితానికి మధ్యలో ఒక పాత మడత ఉంది, అది ఇప్పటికే చిరుగుపట్టింది. ఇంకో మడత వేయకండి.

ఇట్లు,
మీ ఖాతాదారు

జతపరచినవి: చెల్లింపుల రసీదులు, ఫారం అప్పగింత రసీదు నకలు, మీ నివేదిక 9 నుంచి 17 పేజీల నకళ్లు, సభ నుంచి వచ్చిన నమోదు కార్డు నకలు.