పేరుకే పామ్, జాతికి తుంగ

సంపాదకులకు,

అంబ్రెల్లా పామ్ పేరుతో కుండీల్లో పెంచే గొడుగు మొక్కకు 'మట్టి పైపొర ఆరాకే నీళ్లు పోయండి' అనే సలహా తోటపని శీర్షికల్లో తరచూ కనిపిస్తోంది. పామ్‌లకు, అంటే తాటి, ఈత కుటుంబపు మొక్కలకు, అది సరే. ఇది పామ్ కాదు, పొలాల్లో రైతులు పీకి పారేసే తుంగకు దగ్గరి చుట్టం. సైపరస్ ప్రజాతి. ఆఫ్రికా, మడగాస్కర్ చిత్తడి నేలల్లో పుట్టింది. వేళ్లు ఆరితే ముందు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి, తర్వాత కాడలే వాలిపోతాయి.

అడుగున రంధ్రమున్న కుండీని 3-5 సెం.మీ. నీళ్లున్న పళ్లెంలో పెడితే చాలు. వారానికోసారి ఆ నీళ్లు పారబోసి, పళ్లెం రుద్ది కడగాలి. లేకుంటే దోమలు పెంచినట్టే. రెండు పాళ్ల తోటమట్టికి ఒక పాలు బాగా చివికిన ఎరువు కలపండి. ఒట్టి కొబ్బరిపొట్టు తేలిక, గుబురు ఎత్తుగా ఎదిగాక గాలికి కుండీతో సహా పడిపోతుంది. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలాలి. చీకటి మూలన పెడితే కాడలు సన్నగా సాగి వంగిపోతాయి.

అసలు తికమక మొక్క తయారీలోనే. గులాబీ కొమ్మలా కాడ ముక్క గుచ్చి, కుళ్లిపోయిందని బాధపడేవారే ఎక్కువ. కాడ నడిమిలో కణుపులుండవు, మొగ్గలన్నీ పైనున్న గొడుగులో, ఆకుల మొదళ్ల దగ్గర ఉంటాయి. పసుపు తిరగని, ముదిరిన గొడుగును 3-5 సెం.మీ. కాడతో కోయండి. ఆకులను సగానికి కత్తిరించండి. తలకిందులుగా, అంటే కాడ పైకి, గొడుగు నీళ్లలోకి ఉండేలా గిన్నెలో వేయండి. నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచి, మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. వెచ్చని వాతావరణంలో రెండు నాలుగు వారాల్లో గొడుగు నడిమి నుంచి తెల్లని వేళ్లు, పిలకలు వస్తాయి. పిలక వేలెడంత అయ్యాక తడిమట్టిలో నాటాలి. తొందరపడి వేళ్లు రెండు అంగుళాలైనా రాకముందే నాటితే పిలక వాడిపోతుంది. లేత గొడుగులు వేళ్లు పట్టకముందే కుళ్లుతాయి.

కుండీ నిండా పిలకలు కిక్కిరిస్తే విడదీయడమే మేలు. గుబురును బయటికి తీసి, ఒక్కో ముక్కకు నాలుగైదు కాడలు, కొంత దుంప ఉండేలా పదునైన కత్తితో కోసి, మునుపటి లోతులోనే నాటండి. పండిపోయిన కాడను సగంలో కోసి ప్రయోజనం లేదు, అది మళ్లీ చిగురించదు. మట్టి మట్టం దాకా తీసేస్తే కొత్తది దుంప నుంచే వస్తుంది.

ఇదే ప్రజాతిలోని పపైరస్‌ను (పూర్వం ఈజిప్టులో కాగితం చేసిన తుంగ) మాత్రం గొడుగుతో కాక, దుంప విభజనతోనే పెంచడం నయం.

కోసి పారేసిన గొడుగులను చెరువులో, కాలువలో వేయొద్దు. గిన్నెలో వేళ్లూనినట్టే అక్కడా వేళ్లూనుతాయి. ఎండబెట్టి కంపోస్టులో కలపండి.

- ఒక పాఠకురాలు