యువికా దరఖాస్తులు: ఈ ఆదివారం తప్పక రండి

తొమ్మిదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఇస్రో 2019లో మొదలుపెట్టిన ‘యువికా’ (యువ విజ్ఞాని కార్యక్రమం) శిబిరానికి మన పిల్లల చేత దరఖాస్తు చేయించే విషయమై, ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు పాఠశాల కంప్యూటర్ గదిలో సమావేశమవుతున్నాం. మే నెలలో సుమారు రెండు వారాల పాటు పిల్లలు ఇస్రో కేంద్రంలోనే ఉండి శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకుంటారు. ఆ కేంద్రాల్లో మన శ్రీహరికోట, హైదరాబాదు కూడా ఉన్నాయి. వసతి, భోజనం, ప్రయాణ ఖర్చులు ఇస్రోయే భరిస్తుంది కనుక డబ్బు గురించి ఎవరూ వెనుకాడవద్దు.

ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం, ఆన్‌లైన్ క్విజ్‌కు 10 శాతం వెయిటేజీ ఉంటుంది. పంచాయతీ పరిధిలోని బడిలో చదివేవారికి ప్రత్యేకంగా 15 శాతం ఇస్తారు. మన బడికి ఇది వర్తిస్తుంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ పత్రాలకూ విలువ ఉంది.

ఎనిమిదో తరగతి మార్కుల జాబితా, ఉన్న ధ్రువపత్రాలన్నీ అసలు ప్రతులతో తీసుకురండి. నిరుడు ఒక అమ్మాయి పత్రాన్ని ఫోనులో ఫొటో తీస్తే ముద్ర మీద నీడ పడి అక్షరాలు కనిపించలేదు, చివరి రోజున మళ్లీ పరుగెత్తవలసి వచ్చింది. అందుకే ఈసారి అన్నీ ఇక్కడే స్కాన్ చేస్తాం.

ఓటీపీ వచ్చే ఫోను మరవకండి. వచ్చేవారు శుక్రవారం సాయంత్రంలోగా పిల్లల పేరు ఈ గ్రూపులో రాయగలరు.